టర్బో చల్లారేంత సేపు

డీజిల్ అంటే మా నాయనకు ప్రాణం. ఊరి మలుపు దగ్గరే ఇంజన్ ఆపేసి, పాత ట్రాక్టర్‌ను ఆ వాలులో చప్పుడు లేకుండా వాకిట్లోకి దొర్లించేవాడు. దిగీదిగగానే టీవీ ముందు కూర్చునేవాడు. ఇక అమ్మ ఏం చెప్పబోయినా "రేపు సూద్దాంలే మే" అనేవాడు. ఆమె అడిగేది ఒక్కటే, ఆవుల కొట్టానికి రేకులు. వానొస్తే ఆవులు తడిసి ముద్దవుతున్నాయని ఆమె బాధ. నాయన చెప్పే ఆ రేపు ఎన్నాళ్లకూ రాలేదు.

ఇంతలో ఒకసారి టమాటా లోడుతో మదనపల్లె మార్కెట్‌కు పోతూ మా ట్రాక్టర్ ఎత్తు ఎక్కలేక నల్లపొగ కక్కింది. మా పెదనాయన కొత్త ట్రాక్టర్ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దాటిపోయింది. మా నాయనకు తల కొట్టేసినట్టయింది. వెంటనే మదనపల్లెలోనే మెకానిక్‌ చేత ఇంజన్ బలం పెంచే టర్బో బిగింపించాడు.

నాయన దాన్ని నడిపి చూస్తుంటే మెకానిక్ వెంట వచ్చిన నాకు జాగ్రత్త చెప్పాడు.

"పరిగెత్తి వచ్చిన బండిని టక్కున ఆపగూడదమ్మా. టర్బో తిరగతానే ఉంటాది, ఆయిల్ ఆగిపోతాది, బేరింగ్ కాలిపోతాది. ఒక నిమిషం స్లోలో పెట్టి ఆపండి సాలు."

ఇంటికొచ్చి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి.

"నిమిషమని మీ నాయనకు సెప్పొద్దు. నోరు మూసుకోనుండు."

మరునాడు నాయన టర్బో మోత ఊరంతా వినబడాలని ఇంజన్ ఆపకుండానే వాకిట్లోకి రాగానే అమ్మ పెద్ద గ్లాసు నిండా పొగలు కక్కే కాఫీతో ఎదురెళ్లింది.

"దిగొద్దబ్బా! ఇప్పుడాపితే టర్బో కాలిపోతాదంట. కాఫీ తాగినంత సేపు ఉండల్లంట."

అయ్యో, ఆయన ముఖం చూడాలి! డీజిల్ ఊరికే కాలిపోతోంది, కాఫీ చూస్తే నోరు కాలుతోంది, దిగడానికి లేదు. అమ్మ మడ్‌గార్డ్ పట్టుకుని ఇంజన్ మోతకు మించి అరిచింది.

"కొట్టానికి రేకులు యాల వెయ్యవు? ఆవులు తడస్తా ఉంటే నీకు నిద్రెట్ల పడతాది?"

వీధి వీధంతా విన్నది. రోజూ ఇదే తంతు. నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. వారం తిరక్కముందే పుంగనూరు నుంచి రేకులు దిగాయి. కొట్టం ఎక్కాయి. కాఫీ మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత ఆయిల్ మార్పించడానికి నేనే బండి తోలుకుని మదనపల్లె వెళ్లాను. మెకానిక్ నవ్వుతూ అడిగాడు.

"మీ నాయన ఇప్పుడన్నా నమ్మినాడా? బిగించినంక రెండోనాడే ఫోన్ జేసి, కాఫీ తాగినంత సేపు ఉండల్లనా అని అడిగినాడు. నిమిషం సాలప్పా అంటే ఊఁ అని పెట్టేసినాడు."

చుక్క డీజిల్‌కు ప్రాణం విడిచే మనిషి ఇన్నాళ్లూ తెలిసే కూర్చున్నాడు!

ఆ సాయంత్రం వాకిట్లో ఇంజన్ గుడగుడమంటోంది. అమ్మ ఎవరింటి పెళ్లి సంగతో అరిచి చెబుతోంది. నాయన గ్లాసు ఖాళీ చేసి చేయి చాపాడు.

"ఇంజన్ ఇంకా కాలతానే ఉండాది. ఇంకో రవంత పొయ్ మే."