రీగాలో రైస్ కుక్కర్ పట్టుకుంటారట: వీసా కోసం నోవై నుంచి షికాగో

పద్నాలుగేళ్ళు ఎదురుచూస్తే పోయినేడు మాకు గ్రీన్ కార్డు వచ్చింది. ఇన్నేళ్ళూ ఇండియా తప్ప ఇంకో దేశం పేరెత్తితే చాలు, మా ఆవిడ పద్మ ఆఫీసు లాయరు "స్టాంపింగ్ రిస్క్, తిరిగి రావడానికి వీసా ముద్ర వేయకపోవచ్చు" అని బెదిరించేవాడు. కార్డు చేతికొచ్చిన రోజు పద్మ ఒక్కటే మాట అంది: "ఈసారి చుట్టాలు లేని ఊరికి వెళ్దామండీ." నాకూ నచ్చింది. పక్కవీధి యాదగిరి, అతని భార్య సునీత కూడా వస్తామన్నారు. చుట్టాలు లేని ఊళ్ళ కోసం మ్యాపంతా గాలిస్తే బాల్టిక్ దేశాలు తేలాయి. పై నుంచి కిందికి వరసగా మూడు రాజధానులు: ఎస్తోనియాలో తాలిన్, లాత్వియాలో రీగా, లిథువేనియాలో విల్నియస్. ఆగస్టులో తొమ్మిది రాత్రులు. మూడూ చూడొచ్చు గానీ ఎక్కువ రోజులు ఎక్కడ ఉండాలి? అక్కడ మొదలైంది గొడవ.

ఈ మూడింట్లో ఏది గొప్పదని ఇంటర్నెట్టులో వెతికారా? నేను వెతికాను. ఒళ్ళు మండింది. ఒకడు తాలిన్‌కి పదికి తొమ్మిది వేస్తాడు, ఇంకోడు విల్నియస్‌కి ఆరు. దేశ రాజధానులకి మార్కులు వేయడానికి వీళ్ళెవరు? డిగ్రీ రెండో ఏడు ఇంగ్లీషు పేపరు తప్పినవాణ్ణి, మార్కుల బాధ నాకు తెలుసు. సునీత పాత కోట గోడల వీడియో ఒకటి చూసి తాలిన్ అంది. యాదగిరి, చౌకంటున్నారని విల్నియస్ అన్నాడు. పద్మ మాత్రం రీగా అంది. ఆమె ఒక్కదానికే వీడియోలతో పనిలేని కారణం ఉంది.

మేముండే నోవై పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో బట్టలు సరిచేసే చిన్న షాపుంది. దాని యజమాని ఇల్జే అనే ఎనభై దాటిన రీగా ఆవిడ. పదకొండేళ్ళుగా పద్మ చీరల బ్లౌజులన్నీ ఆవిడే కుడుతోంది. మొదట్లో హుక్కులు ఎటువైపు ఉండాలో పద్మే నేర్పింది, ఇప్పుడు నోవై తెలుగువాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గరికే వెళ్తారు. ఇల్జే వాళ్ళమ్మ రీగా పెద్ద మార్కెట్టులో పొగబెట్టిన చేపలు అమ్మేదట. ఎప్పుడో విమానాల కంటే పెద్ద గాలిఓడలు నిలిపే షెడ్లు తెచ్చి కట్టిన మార్కెట్టు అది. ఇల్జేకి ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, ఇక విమానం ఎక్కలేదు. చేపల హాల్లో నిలబడి వీడియో కాల్ చేసి, ఒక్క గంట ఆ మార్కెట్టంతా తిప్పి చూపిస్తానని పద్మ మాటిచ్చింది. చేప వాసన వస్తే ముక్కు మూసుకునే మనిషి!

ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను నేను చేసిన పని.

నాకు తెలిసిన ఇంకో సంగతి వీళ్ళెవరికీ తెలియదు. మన నీలం పాస్‌పోర్టుకి అక్కడికి వెళ్ళాలంటే, ఆ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెన్‌గెన్ వీసా కావాలి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటే ఆ దేశం వాళ్ళకే అప్లై చేయాలి. లిథువేనియా వాళ్ళ వీసా ఆఫీసు షికాగోలో ఉంది, నోవై నుంచి నాలుగున్నర గంటలు. లాత్వియా అయితే వాషింగ్టన్ పోవాలి, ఏకబిగిన నడిపినా తొమ్మిది గంటలు. నా నడుముకి షికాగోయే నచ్చింది. ఆ మాట నోరు విప్పి చెప్పి ఉంటే అయిపోయేది. నాకు అలా చెప్పే అలవాటు లేదు. మా కిరాణా షాపులో ఈ వారం బంగినపల్లి వస్తోందని ఉత్తుత్తి బోర్డు పెట్టి నలభై మందిని రప్పించిన చేతులివి. మా వంటింటి గట్టు మీది రైస్ కుక్కర్‌ని ఫొటో తీసి, "రీగా ఎయిర్‌పోర్టులో రైస్ కుక్కర్లు పట్టుకుంటున్నారు, మనవాళ్ళు జాగ్రత్త" అని రాసి వాట్సాప్‌లో వదిలాను. రెండు రోజుల్లో అది మూడు గ్రూపులు తిరిగి, "మా బావగారి ఫ్రెండ్‌కి జరిగింది" అనే సాక్ష్యంతో సహా నాకే తిరిగొచ్చింది! ఒక్కడైనా, ఒక్కడంటే ఒక్కడైనా నిజమా అని అడగలేదు. ఎక్కడికెళ్ళినా సూట్‌కేసులో కుక్కరూ రెండు కేజీల సోనామసూరీ పెట్టుకెళ్ళే సునీత రీగా పేరెత్తితే చెవులు మూసుకుంది. ఓటింగు పెడితే ఆమె తాలిన్ కూడా వదిలి మొగుడి వైపు వచ్చేసింది: విల్నియస్‌కి మూడు, రీగాకి ఒకటి. పద్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడే అనుమానించాల్సింది.

ఏప్రిల్లో ఒక మంగళవారం పొద్దున ఐదుకి యాదగిరి కారులో బయల్దేరాం. ఎం-14 మీదుగా ఆన్ ఆర్బర్, అక్కడ ఐ-94 పట్టుకుంటే షికాగో దాకా ఆలోచించే పనిలేదు. దారిలో గడియారం గంట వెనక్కి పోతుంది కాబట్టి పదిన్నర అపాయింట్‌మెంటుకి తొందర అక్కర్లేదు. కలమజూ దాటాక రెస్ట్ ఏరియాలో ఆగి పులిహోర విప్పాం. బయట ఇంకా గుట్టలుగా మురికి మంచు.

"అన్నా, విల్నియస్‌ల చూసేదేముంది చెప్పరాదె? ఆడ అడిగితే నేనేం చెప్పాలె?" అన్నాడు యాదగిరి, పేపరు ప్లేటు నాకుతున్నంత పని చేస్తూ.

"చర్చిలు. అరగంట దూరంలో చెరువు మధ్యలో కోట."

"చర్చిలు మన నోవైల లేవా?"

"వదినా, రీగా పోయినందుకు ఫీలవుతున్నావా?" అని సునీత పద్మని అడిగింది. "ఏం చేస్తం చెప్పు, కుక్కర్ లేకుంటే పిలగాడి లెక్క ఏడుస్తడు ఈయన."

"ఫీలవడం దేనికి? మూడింటికీ నడుమ ఉన్నది రీగాయే కదా. అటు తాలిన్, ఇటు విల్నియస్, ఏదైనా నాలుగైదు గంటల బస్సు. మకాం వేయాల్సిన ఊరు అదే. సరేలే, ఓటింగయ్యాక మాట్లాడేదేముంది?" అంది పద్మ, నా వైపు చూడకుండా.

షికాగో నడిబొడ్డున పార్కింగుకి ముప్పై ఎనిమిది డాలర్లు గుంజారు. పగటి దోపిడీ! టికెట్టిచ్చినవాణ్ణి, కారుకి స్నానం కూడా చేయిస్తారా అని అడిగాను. "లేదు సార్, కానీ వాన పడేచోట పెడతాను" అన్నాడు. మనసులోనే మెచ్చుకున్నాను.

వీసా ఆఫీసులో కిటికీ వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కూర్చుంది. ముందు యాదగిరి వాళ్ళని పిలిచింది. మూడు దేశాలుండగా ఎక్కువ రోజులు విల్నియస్‌లోనే ఎందుకు ఉంటున్నారని అడిగింది.

"మీ ఆఫీస్ దగ్గర, మేడమ్" అన్నాడు యాదగిరి, అబద్ధం చెప్పలేని మనిషి.

ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మా రాజధాని గురించి ఇది మొదటిసారి వింటున్నాను" అంది. అయినా కాగితాలన్నీ సరిగ్గా ఉండటంతో తీసుకుంది. మనిషికి తొంభై యూరోల ఫీజు, వేలిముద్రలు, ఇరవై నిమిషాల్లో ముగిసింది.

తర్వాత మేము. ఆవిడ మా హోటల్ కాగితాలు తిప్పింది, ఫారం చూసింది, మళ్ళీ కాగితాలు తిప్పింది. "ఫారంలో లిథువేనియా అని రాశారు. బుకింగుల్లో రీగా ఆరు రాత్రులు, తాలిన్ రెండు, విల్నియస్ ఒకటి. ఇది మేము తీసుకోకూడదు. లాత్వియా వాళ్ళ దగ్గరికి వెళ్ళండి."

"పొరపాటు మేడమ్, విల్నియస్ ఐదు" అన్నాను.

"పొరపాటు కాదు. నేనే మార్చాను" అంది పద్మ.

మనవాళ్ళ అలవాటు మీకు తెలిసిందే. వీసా ఫైలు కోసం ఉచితంగా రద్దయ్యే హోటళ్ళు బుక్ చేసి, ప్రింటు తీసి, స్టాంపు పడ్డాక రద్దు చేసేస్తాం. ఫైల్లో ఏదో ఒక హోటలుంటే చాలని అందరికీ చెప్పింది నేనే. ఆఫీసులో ప్రింట్లు తీసి తెమ్మని పద్మకి చెప్పిందీ నేనే. ఏదో ఒకటి చాలన్నప్పుడు ఉత్తుత్తిది ఎందుకని, తను నిజంగా ఉండాలనుకున్న హోటళ్ళు బుక్ చేసి తెచ్చింది. వాటిని బట్టే ఆఫీసు మారుతుందని ఆమెకెలా తెలుస్తుంది? ఆ ముక్క దాచిన వెధవ ఒక్కడే, వాడు కిటికీ ముందు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

బయటికొచ్చి ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాం. నలుగురికీ బంగాళాదుంప అట్లు చెప్పాను. నాకు కోపం నషాళానికంటింది. "రెండు వందల డెబ్భై మైళ్ళు! నడుము విరిగింది! మారిస్తే ఒక్క మాట చెప్పక్కర్లేదా?"

పద్మ ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ రైస్ కుక్కర్ ఫొటో. "ఈ మూత మీద సొట్ట చూశారా? పోయిన దసరాకి మీరే పడేశారు. దీని కింద పసుపు మరక చూశారా? రీగా ఎయిర్‌పోర్టులో మన వంటింటి గట్టు ఎవరు పెట్టారండీ?"

సునీత ఫోన్ లాక్కుని చూసింది. "అన్నయ్యా! ఇది నువ్వా? నేను మా అక్కకి పంపిన, వాళ్ళ కాలనీకంత పంపిన!"

"ఏందన్నా గిది, థూ" అన్నాడు యాదగిరి. అని ఆపుకోలేక నవ్వాడు. అతను నవ్వుతుంటే నాకు ఇంకా మండింది.

"లాత్వియా వీసాకి వాషింగ్టన్ పోవాలి, తొమ్మిది గంటలు! అందుకే చేశాను!" అన్నాను.

"ఆ మాటే చెబితే నేను నడిపేదాన్ని కదా" అంది పద్మ. గొంతు పెంచలేదు. "నేను మాటిచ్చింది ఎనభై రెండేళ్ళ మనిషికి. ఆవిడకి వచ్చే ఏడు అనేది ఉందో లేదో. మీకది జోకు."

అట్లు తెచ్చిన పెద్దావిడది లిథువేనియా అని తెలిసి, టాపిక్ మారుద్దామని, మూడూళ్ళలో ఏది బాగుంటుందమ్మా, మూడూ ఒకలాంటివేగా అన్నాను. ఆవిడ ప్లేటు టక్కున పెట్టింది. "నువ్వు ఇండియన్‌వి కదా? హిందీ మాట్లాడతావా?"

"లేదు, నా భాష వేరు" అన్నాను, ఎప్పట్లాగే చిరాగ్గా. పద్నాలుగేళ్ళుగా ఈ ప్రశ్నకి జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను.

"నాదీ వేరే. లాత్వియన్ మాకు దూరపు చుట్టం. ఎస్తోనియా వాళ్ళ మాటయితే మా ఇద్దరికీ అర్థం కాదు. మూడూ ఒకటేనట!" అని వెళ్ళిపోయింది. మార్కులు వేసేవాళ్ళ మీద అంత ఎగిరిన నేను, ఆఫీసుకి మైళ్ళు లెక్కేసి దేశాన్ని ఎంచుకున్నాను. వాళ్ళే నయం.

షికాగో టైము ఒంటిగంటకి తిరుగుప్రయాణం. కారులో కూర్చుని గ్రూపులో నిజం రాశాను: కుక్కర్ మాదే, కథ నాదే, క్షమించండి. వెంటనే జవాబులు మొదలయ్యాయి. "సూరిబాబు అన్నా, మళ్ళీ జోకా?" "మీ మాట ఎవరు నమ్ముతారండీ, మా బావగారి ఫ్రెండ్‌ది నిజంగానే పట్టుకున్నారు." చూశారా? అబద్ధం రాస్తే సాక్షులొచ్చారు, నిజం రాస్తే ఒక్కడూ రాలేదు. ఎవరి మీద కోప్పడాలో నాకే తెలియలేదు.

మా టైము ఆరున్నరకి ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చాం. ఇల్జే షాపు ఏడు దాకా ఉంటుంది. "ఇక్కడ ఆపు తమ్ముడూ" అన్నాను. పద్మ ఆశ్చర్యంగా చూసింది. నేనే ముందు దిగాను. ఇల్జే నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో పట్టు బ్లౌజు సరిచేస్తోంది. ఆమెకి మూడూళ్ళ గొడవా, ఓటింగూ అన్నీ పద్మ ద్వారా తెలుసు. సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చి, నన్ను చూసి అడిగింది. "చివరికి ఏ ఊరు?"

"రీగా. వీసాకి వాషింగ్టన్ దాకా కారు నేనే నడుపుతాను" అన్నాను.

ఆవిడ నవ్వలేదు, కళ్ళు తుడుచుకోలేదు. వేలు చూపించి ఆర్డరేసింది: "చేపల హాలుకి పొద్దున ఎనిమిదిలోపు వెళ్ళండి. తర్వాత అంతా నీలాంటి టూరిస్టులే."

మే నెలలో వాషింగ్టన్ అపాయింట్‌మెంటు దొరికింది. రీగా ఆరు రాత్రులు ఖాయం. యాదగిరి వాళ్ళు విల్నియస్‌లో ఐదు రోజులుంటారు, మధ్యలో బస్సెక్కి మా దగ్గరికొస్తారు. ఏ ఊరు గొప్పదని ఇప్పుడు నన్నడిగితే నాకు చిరాకేస్తుంది. ఊరు గొప్పదా కాదా అన్నది ఊరి తప్పూ కాదు, ఒప్పూ కాదు. అక్కడ మీ కోసం ఏదైనా పని ఉందా, మీ కళ్ళతో చూడాలని ఎదురుచూసే మనిషి ఉన్నారా, అది చూసుకోండి. లేకపోతే మీరు కూడా ఆ కిటికీ ముందు నిలబడి "మీ ఆఫీస్ దగ్గర, మేడమ్" అనాల్సి వస్తుంది.

ఇక పనికొచ్చే ముక్క ఒకటి. ముందు ఊరు తేల్చుకోండి, తర్వాత రాత్రులు లెక్కపెట్టండి, ఆ తర్వాతే ఆఫీసు. ఎక్కువ రాత్రులున్న దేశానికే అప్లికేషన్ ఇవ్వాలి. సమానంగా ఉంటే, ముందు అడుగుపెట్టే దేశానికి. ఫారమూ హోటల్ కాగితాలూ ఒకే మాట చెప్పాలి. ఈ రూలు ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, ముఖ్యంగా ప్రింట్లు తీసేవాళ్ళకి. కుక్కర్ తీసుకెళ్ళొచ్చు, ఎవరూ పట్టుకోరు. మాది మాత్రం పద్మ అటక మీద పెట్టించింది. ఆ ఆరు రోజులూ నేను రీగాలో ఏది పెడితే అది తినాలట.