మెయిల్ నాది, కబురు ఊరిది

నాకు మెయిల్ పెట్టిచ్చింది ఉదయగిరి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపినతను. అప్పట్లో మా వీధిలో అందరికీ అతనే పెట్టిచ్చాడు. నా మెయిల్‌లో సగం నా పేరు, సగం అతని సెంటర్ పేరు. పాస్‌వర్డ్ మరిచిపోతే కోడు వచ్చేది అతని ఫోన్‌కే. నా చేతిలో ఫోన్ లేని కాలం కాబట్టి అదేమీ తప్పనిపించలేదు. తర్వాత అతను సెంటర్ మూసేసి అనుమసముద్రంపేట దర్గా దగ్గర అత్తరు అంగడి పెట్టుకున్నాడు. మా మెయిళ్లు మాత్రం అతని ఫోన్‌లో తెరుచుకునే ఉన్నాయి.

మాది కొయ్య సామాను చేసే ఇల్లు. ఉదయగిరి కొండ కర్రతో చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతాం. పిడి మీద పూల నగిషీ తీయడం నా పని. కొనేవాళ్లు ముచ్చటపడేది ఆ నగిషీ చూసే. అంగడి బోర్డు మీద పేరు మాత్రం మా అన్నది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఆయనకు కోపం వస్తుంది కానీ, ఉన్న మాట అదే కదా!

ఢిల్లీలో ఏటా చేతిపనుల ప్రదర్శన జరుగుతుంది. పోయిన సంవత్సరం దానికి నా పేరుతో దరఖాస్తు పెట్టాను. పిలుపు వస్తే చెబుదాంలే అని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వచ్చింది. అత్తరు అంగడతను నాకంటే ముందు చూశాడు. చూసి నాకు చెప్పాడా? మా అన్నకు ఫోన్ చేశాడు. నేను ఉలి పట్టుకుని పనిలో ఉంటే, బయట వీధి వీధంతా మిఠాయి తింటోంది. మా ఇంటికి ఢిల్లీ నుంచి పిలుపొచ్చిందని అన్నే పంచుతున్నాడు.

"అది నా పేరుతో వచ్చింది భాయ్‌జాన్," అన్నాను.

"నీ పేరైతే ఏంది, నా పేరైతే ఏంది? ఇల్లొకటే గదా. అంత దూరం నువ్వేం పోతావు, నేను పోయొస్తాలే."

పోయొచ్చాడు కూడా. అక్కడెవరో ఈ నగిషీ ఎవరిదని అడిగితే "మాదే" అన్నాడట. ఆ సంగతీ ఆయనే వచ్చి సంబరంగా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాకొచ్చిన మాట నాకంటే ముందు ఊరికి తెలిసిపోతే, ఇక ఆ దరఖాస్తు మీద నా పేరు రాసి ఏం లాభం?

నాతో పదో తరగతి చదివిన స్నేహితురాలు ఆత్మకూరులో కంప్యూటర్ టీచరు. ఆ ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చేసరికి నేను వాళ్ల గుమ్మంలో కూర్చుని ఉన్నాను. జరిగిందంతా చెప్పాను.

"నంబరు మార్చాలన్నా కోడు ఆ అత్తరు అంగడాయనకే పోతాది," అంది. "అయినా సగం ఆయన సెంటర్ పేరుండే మెయిల్ నీకెందుకే? నీ పేరే కొనుక్కో."

"పేరు కొనేదేంది?"

ఇంటర్నెట్‌లో మన పేరుతో మనకొక చిరునామా కొనుక్కోవచ్చట. దాన్ని డొమైన్ అంటారట. "అది నీ సొంత ఇల్లనుకో. టపా తెచ్చేవాడు నచ్చకపోతే వాణ్ణి మారుస్తావు. ఇల్లు మారే పని లేదు," అని చెప్పి నా పేరు కొట్టింది, పక్కన ఉదయగిరి అని కొట్టింది. ఎవరూ కొనలేదు, ఖాళీగానే ఉంది! నా పేరు నాకోసమే కాచుకుని ఉన్నట్టు అనిపించింది.

"ఏడాదేడాదీ దుడ్డు కట్టాల," అంది.

"నా పేరుకు నేనే అద్దె కట్టేదేందే?"

"ఊరికే వచ్చినదాని సుఖం చూసినావు గదా."

నోరు మూసుకుని కట్టాను. ఆ పేరు మీదే నాకు కొత్త మెయిల్ పెట్టుకున్నాను. కోడు వచ్చేది ఇక నా ఫోన్‌కే. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు ఆమెను అటు తిరగమన్నాను. "నేను చూసి ఏం జేసుకుంటానే!" అని పగలబడి నవ్వింది. అయినా తిరిగింది.

ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టాను. కానీ దరఖాస్తులు ఢిల్లీకి పంపే నెల్లూరు చేతిపనుల ఆఫీసు లెక్కల్లో ఉన్నది నా పాత మెయిలే. అది మార్చకపోతే మా వీధిలో మళ్లీ మిఠాయి పంచుతారు. బస్సెక్కి పోయి గుమాస్తాకు కొత్తది చెప్పాను.

"సగమే చెప్పినారమ్మా. అందరికీ చివర ఉంటాదే, అది రావాల," అంటూ మామూలు ఉచిత మెయిల్ పేరు నా పేరు పక్కన తగిలించబోయాడు.

"తగిలించొద్దు సార్! తగిలిస్తే అది నాకు రాదు. అది అంతే."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టుండాదే! ఇట్టాంటివి పని చెయ్యవమ్మా."

"పంపి చూడండి. నేను ఇక్కడే ఉంటాను."

నవ్వుకుంటూ పంపాడు. నా సంచిలో ఫోన్ మోగింది. తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఎవరమ్మా పెట్టిచ్చింది?" అని అడిగాడు. "నేనే కొనుక్కున్నాను," అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత గర్వంగా ఉందో! పాతది కొట్టేసి కొత్తది ఎక్కించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

పిలుపు వచ్చిన రోజు నేను దువ్వెనలకు నూనె రాస్తున్నాను. చేతులు తుడుచుకుని చదివాను. మళ్లీ చదివాను. వీధిలో ఎవరూ మిఠాయి తినడం లేదు. సాయంత్రం దాకా ఆ మాట నా ఒక్కదానిదే. ఆ సంతోషం ఏమని చెప్పను! అన్నాల దగ్గర అప్పుడు నోరు విప్పాను.

"భాయ్‌జాన్, నేను ఢిల్లీ పోతా ఉండాను. పిలుపొచ్చింది."

అన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నాకెవురూ ఫోన్ చెయ్యలేదే!"

"పిలిచింది దాన్నిరా. నీకెందుకు చేస్తారు?" అంది మా అమ్మీ.

అన్న ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "అంత సామాను ఒక్కదానివే ఎట్ట మోస్తావు? నేనూ వస్తాలే. దువ్వెనలు విడిగా కట్టు, పళ్లు ఇరుగుతాయి," అన్నాడు.

రైలు ఒంగోలు దాటాక నా ఫోన్ మోగింది. అత్తరు అంగడతను.

"అక్కా, భాయ్‌జాన్ ఫోన్ కలవలా. ఈసారి ఢిల్లీ నించి మెయిలే రాలేదక్కా. బాధపడబాక, వచ్చే ఏడు వస్తాదిలే."

పై బెర్తు మీద మా అన్న గురక పెడుతున్నాడు.

"నేను ఢిల్లీ రైల్లోనే ఉండాను. భాయ్‌జాన్ నాకు తోడొస్తా ఉండాడు."

"మెయిల్ రాందే నీకెవురు చెప్పినారక్కా?"

"ఎవురూ చెప్పలా. నాకే వచ్చింది."