పది పిన్నులూ ఏడు పెంకులూ

నా పరువు నూనెలో జారి బోర్లా పడిన కథ చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో చుట్టాలొస్తే ఇప్పటికీ ఇదే వినోదం.

మాది ప్రేమ పెళ్లి. ఏడాది గడిచినా పాతపట్నం మావగారు నన్ను ‘అల్లుడూ’ అని ఒక్కసారీ పిలవలేదు. నా ఎదుటే మా ఊరి పేరుతో నన్ను ‘ఆ నౌపడ కుర్రోడు’ అనేవారు. ఎలాగైనా ఆ పిలుపు సంపాదించాలని ఆయన్ని విజయనగరంలో కొత్తగా పెట్టిన, బంతి దొర్లించి సీసాల్లాంటి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటకు తీసుకెళ్లాను. నాకా ఆట వచ్చా అంటారా? ఫోనులో రెండు వీడియోలు చూశాను, చాలదూ!

అక్కడ అందరికీ బూట్లూ మేజోళ్లూ ఇచ్చారు. మావగారు బూట్లు పక్కకు నెట్టి, మేజోళ్లు ఉండచుట్టి చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

“నాను ఆడను గానీ, ఏటే అమ్మీ, ఆ నౌపడ కుర్రోడికి ఈ ఆటొచ్చా?” అని మా ఆవిడ సుజాతను అడిగారు.

“సూడు నాన్నా! ఆ సివర పది పిన్నులు నిలబెట్టారు కదా, అన్నీ పడగొట్టేత్తారు!”

కోతికి కొబ్బరికాయ దొరికినట్టు బంతి ఎత్తాను. మూడు బెజ్జాల్లో మూడు వేళ్లు దూర్చి దొర్లించాను. అది తిన్నగా పక్కనున్న కాలవలాంటి గాడిలోకి పోయింది.

“బాగున్నాది. మడికి నీళ్లు కట్టినట్టున్నాది,” అన్నారు మావగారు.

పళ్లు కొరుక్కుని రెండోది వదిలాను. ఫెళఫెళమని పదీ పడ్డాయి!

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఏడుపెంకులాట మీకు తెలుసుగా. పెంకులు పడగొట్టినవాళ్లే పరుగెత్తి మళ్లీ పేర్చాలి. ఈలోగా అవతలివాడు బంతితో కొడితే అవుట్. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పెంకులాటతో వచ్చిన నా బుద్ధి పెళ్లయినా పోలేదు.

“సుజాతా, అడ్డుండు! నాను పేర్సేత్తాను!” అని అరుస్తూ పిన్నుల వైపు పరుగు తీశాను.

ఆ చెక్కనేలకు నూనె రాస్తారని ఏ వీడియోలోనూ చెప్పలేదండీ. నాలుగడుగులు వేశానో లేదో బోర్లా పడి, బల్లిలా జారుతూ పోయాను.

“సార్, ఎనక్కి రండి! మిషనే పేరుస్తాది!” అని అక్కడి పనివాడు మొత్తుకున్నాడు.

అయిపోయింది, ఇక ఈ జన్మకు ‘ఆ నౌపడ కుర్రోడే’ అనుకున్నాను. అంతలో వీపు మీద మెత్తగా ఏదో తగిలింది. తల తిప్పి చూద్దును కదా, మేజోళ్ల ఉండ! బంతి వదిలే గీత దగ్గర మావగారు పంచె ఎగ్గట్టి, చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నారు.

“అవుట్! అవుటయిపోనావు అల్లుడూ!”

నూనెలో పడి ఉన్నా నాకంత సంతోషం పెళ్లిపీటల మీద కూడా కలగలేదు.

తడిసిన చొక్కా సాక్షిగా ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. ఇక ఏ జన్మలోనూ పడ్డ పిన్నులు పేర్చడానికి పరుగెత్తను. మరీ పరుగెత్తాల్సి వస్తే, ముందు మావగారి చేతిలో మేజోళ్లు లాక్కుంటాను.