వంకల బాబాయి, సెకండ్‌హ్యాండ్ కారు

వంకలు పెట్టడంలో బాబాయిని మించినవాడు పుట్టలేదు, ఇక పుట్టడు. ఒకవేళ పుడితే ఆ పుట్టుకకూ బాబాయి ఒక వంక పెడతాడు. ఏళ్ల తరబడి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. కొలువు మానేశాడు గానీ కన్ను మానలేదు. శుభలేఖ చేతికిస్తే ముందు అందులో తప్పులు వెతికి, తర్వాత పెళ్లికొడుకులో వెతుకుతాడు. అన్న కూతురి పెళ్లిలో వరుణ్ణి ఎగాదిగా చూసి, "కుర్రాడు బాగానే ఉన్నాడు గానీ, అచ్చులో కాస్త పక్కకి వంగాడు" అన్నాడు. ఆ వరుడు పాపం రోజంతా నిటారుగా నిలబడి నడుం పట్టేయించుకున్నాడు.

ఆ అన్న కూతురు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఒక స్కూటరు. అత్తగారికి తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక స్కూటరు ఎక్కే యోగం పోయింది. కసరత్తుల కోసం వారం వారం ఆసుపత్రికి వెళ్లాలి. కిరాయి బండిలో గుంట వచ్చినప్పుడల్లా ఆవిడ ప్రాణం గిలగిల్లాడేది. "ఈ వారానికి మానేద్దామే" అనడం మొదలుపెట్టింది. మానేస్తే చేతికర్ర ఇక వదలదని డాక్టరు తేల్చి చెప్పాడు. దాంతో ఎలాగోలా ఒక పాత కారు కొందామనుకున్నారు.

బాబాయికి తెలియకుండా కొనాలన్నది పథకం. అత్తగారిని నెమ్మదిగా నడిపించుకుంటూ కిందికి దిగేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఈ గేటు కిర్రుమంటోంది. కారు చూడ్డానికేగా? పదండి."

భార్యాభర్తలిద్దరూ తలలు వంచుకుని ఆయన వెంట నడిచారు.

రేకుల షెడ్డు కింద పాత కార్లు బారులు తీరి ఉన్నాయి. బ్రోకరు మొదటి కారు చూపించి, "డాక్టరుగారు వాడిన బండి సార్" అన్నాడు. రెండోదీ డాక్టరుగారిదే. మూడోదీ డాక్టరుగారిదే.

"ఏమయ్యా, ఊళ్లో డాక్టర్లందరూ కార్లు అమ్మేసి నడుస్తున్నారా?" అన్నాడు బాబాయి.

నాలుగోది బూడిదరంగు కారు. బాబాయి దాని చుట్టూ తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ముందు ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. బానెట్ కొక్కెం వదులు. అద్దం దిగితే మళ్లీ ఎక్కదు. హారన్‌కి జలుబు చేసింది."

"సార్, మీరు కొనడానికి వచ్చారా, కేసు పెట్టడానికి వచ్చారా?" అన్నాడు బ్రోకరు.

ఈ గొడవలో ఎవరూ గమనించలేదు గానీ, నిలబడలేక అత్తగారు వెళ్లి ఆ కారులోనే ముందు సీట్లో కూర్చుంది. మిగతా కార్లలో ఒకటి మరీ కిందికి, ఒకటి మరీ పైకి. ఇందులో వంగకుండా, మూలగకుండా కూర్చుంది. "ఇక్కడ నొప్పి తెలియట్లేదురా" అంటూ కొడుకు వైపు చూసి నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. బేరం అక్కడే కుదిరిపోయింది.

"కూర్చోవడం బాగానే ఉంది వదినగారూ. దిగాలంటే బయట ఒక మనిషిని జీతమిచ్చి నిలబెట్టాలి."

"మీరు కాసేపు నోరు మూసుకుంటే, నాకు దిగాలనే అనిపించదు అన్నయ్యగారూ."

మొదటిసారి ఆసుపత్రికి బయల్దేరినప్పుడు, నట్టనడి రోడ్డు మీద గుంట తగలగానే బానెట్ మొసలి నోరు తెరిచినట్టు అమాంతం పైకి లేచింది. "బాబూ, ఎదురుగా గోడ లేచిందిరా!" అని అత్తగారు కేక పెట్టింది. భర్త బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. వెనక బళ్లన్నీ ఒక్కసారిగా గగ్గోలు పెట్టాయి. ఆ గోలలో వెనక సీట్లోంచి బాబాయి గొంతు తాపీగా వినిపించింది:

"కొక్కెం వదులని చెప్పానా, లేదా?"

ఇంటికొచ్చాక అన్న కూతురు అగ్గి మీద గుగ్గిలమైంది. "వంకలు పెట్టడం తప్ప నీకింకేం చేతనవును బాబాయ్? నీ నోటి చలవే ఇదంతా!"

బాబాయి టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "టీ బాగుంది తల్లీ" అని లేచి వెళ్లిపోయాడు.

ఇల్లంతా కొయ్యబారిపోయింది. "బాగుందన్నారా?" అన్నాడు భర్త, చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ. "మావయ్యగారికి ఒంట్లో బాగానే ఉందంటావా?"

ఆ రోజు నుంచి బాబాయి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే "పనుంది తల్లీ" అనేవాడు. రిటైరైన మనిషికి పనేమిటో ఆమెకు అంతుపట్టలేదు. ఆ రోజు తను అన్న మాట ముల్లులా లోపలే గుచ్చుతూ ఉంది.

ఇంతలో కారుకు బుద్ధొచ్చింది. బానెట్ లేవడం మానేసింది. దిగిన అద్దం బుద్ధిగా ఎక్కింది. ఒక వారం ఆసుపత్రి ముందు ఆగగానే అత్తగారు తలుపు తనే తీసుకుని దిగింది. కొడుకూ కోడలూ నోళ్లు వెళ్లబెట్టారు.

"బండి గుర్రం లాంటిది. నా చెయ్యి అలవాటు పడింది" అన్నాడు భర్త గర్వంగా. అతని భార్యకు మాత్రం అనుమానమే. తనంతట తాను బాగుపడే కారు గురించి ఆమె ఎక్కడా వినలేదు.

ఒకనాడు దుకాణంలో కరెంటు పోయి, మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. భర్త రోజూ స్కూటరు మీదే వెళ్తాడు కాబట్టి కారు కిందే ఉంది. కారు కింద నుంచి నాలుగు కాళ్లు బయటికొచ్చి ఉన్నాయి.

"దొంగలు! దొంగలు!"

వాచ్‌మన్ కర్రతో పరిగెత్తుకొచ్చాడు. రెండు కాళ్లు కదిలి, వీధి చివరి మెకానిక్ బయటికొచ్చాడు. ఇంకో రెండు కాళ్ల వెనక మసి పూసుకున్న మొహం, దాని మీద ఆమె చేతులతో బిగించిన కళ్లజోడు బయటపడ్డాయి.

"బాబాయ్!"

"అరవకు. ఈ నేల ఎగుడుదిగుడుగా ఉంది, వీపు విరిగింది. ఈ వాచ్‌మన్ కూడా ఆలస్యమే. నిజం దొంగలైతే ఈపాటికి చక్రాలు పోయేవి."

అసలు సంగతి మెకానిక్కే చెప్పాడు. "మా షెడ్డుకొచ్చి నా పనికి వంకలు పెడుతుంటే ఓర్చుకోలేక, అంత తెలిస్తే మీరే చెయ్యండి అన్నానమ్మా. మర్నాడు పాత చొక్కా వేసుకుని వచ్చేశారు, నేర్పమని. ఇంకా చెయ్యి తిరగలేదు. స్క్రూ బిగించబోతే వేలు తెగుతుంది. చూడలేక తోడొస్తున్నాను."

బాబాయి కట్లు కట్టిన వేళ్లు వెనక దాచుకున్నాడు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్?"

"తప్పు చూపించి దిద్దకుండా పోతే అది నోటిదురుసు తల్లీ, పని కాదు. అయినా ప్రూఫులు దిద్దినవాడి పేరు పుస్తకంలో ఎవరన్నా వేస్తారా?"

ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన తిట్టిన మర్నాడే కారడం మానేసిన కుళాయి. ఊగడం మానేసిన పిల్లల బల్ల. అవి భర్త బాగుచేశాడని ఆమె, ఆమె చేయించిందని భర్త అనుకుంటూ వచ్చారు.

"మరి... కారు తాళం ఎవరిచ్చారు?" అంది చివరికి.

బాబాయి టైరు వైపు చూశాడు. మెకానిక్ ఆకాశం వైపు చూశాడు. ఆ ఆకాశంలోంచే తాడు కట్టిన బుట్టొకటి టీ ఫ్లాస్కుతో ఊగుతూ దిగుతోంది. కోడలు తలెత్తేసరికి బుట్ట గాలిలో ఠక్కున ఆగిపోయింది.

"నువ్వు అప్పుడే వచ్చేశావేంటే?" అంది బాల్కనీలోంచి అత్తగారు.

"అత్తయ్యా! మీరు కూడానా?"

"ఏం చెయ్యమంటావు మరి? ఆయన నోరు ఆగాలంటే చేతికి పని ఇవ్వాలి."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. కర్ర ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్న వాచ్‌మన్ బిత్తరపోయి చూస్తున్నాడు.

"అమ్మా, మరి ఈ దొంగల్ని ఏం చెయ్యమంటారు?"

"చేతులు కడిగించి పైకి పంపించు," అందామె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "భోజనం పెట్టాలి."