తాతయ్య బకెట్ నీళ్ళు

నా చిన్నప్పుడు, హిందీ మాట్లాడే ఊళ్ళో, ఉక్కు ప్లాంటు పక్కనున్న బర్మామైన్స్‌లో మా సందు మొత్తానికీ ఒకటే టీవీ ఉండేది. అది పక్కింటి తాతయ్య వాళ్ళది. ఆయన మాకు చుట్టం కాదు, ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం నుంచి నాన్న దగ్గరికి మేము వచ్చి నాలుగు రోజులైనా కాలేదు, మా వైపు మాట వినిపించేసరికి అమ్మకి ఆ ఇల్లు పుట్టిల్లైపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో నక్షత్రాల మీది మనుషుల సీరియల్ వచ్చేది, హిందీలో. ఆ వారం కథ అంతా నవ్వులాటే. ఆకాశం ఎర్రబడుతుంది, ఆ వెలుగులో వాళ్ళ ఓడ దిగుతుంది. పొట్ట చూసి మిఠాయి కొట్టాయన్నే ఈ లోకానికి రాజనుకుని, పైకెత్తుకుపోతారు. అక్కడ ఆయన వాళ్ళ చేత జిలేబీ పిండి కలిపిస్తుంటే, గది గదంతా పడీ పడీ నవ్వింది. నాకు హిందీ ముక్క రాదు. నాకు కనిపించిందల్లా ఒక మనిషి పైకి పోవడం, ఆయన భార్య కొట్టు గుమ్మంలో నిలబడి దిక్కులు చూడడం. చివర ఏమైందో చూడకుండానే అమ్మ అన్నానికి పిలిచింది.

మర్నాడు చలికాలపు సాయంత్రం. అంతకుముందు పొద్దుగూకితే అమ్మ తలుపేసేసేది. ఆ రోజు మాత్రం నేను వీధిలో ఆడుకుంటున్నాను. ఉన్నట్టుండి ప్లాంటు వైపు ఆకాశం సగానికి సగం ఎర్రబడిపోయింది. నాన్న అక్కడే డ్యూటీలో ఉన్నాడు. నాన్నని ఎత్తుకుపోతున్నారని ఏడుస్తూ సందు పొడవునా పరుగెత్తాను. ఎందుకేడుస్తున్నావని ఎవరో అడిగితే మొత్తం చెప్పేశాను. ఇనుము కరిగించాక మిగిలిన మడ్డిని, అదే స్లాగ్‌ని, పారబోస్తే అలా వెలుగుతుందని సందులో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. అందరూ విరగబడి నవ్వారు. నాకు నాన్న కావాలి, వాళ్ళకి నవ్వు కావాలి.

తాతయ్య సైకిల్ బయటికి తీస్తూ ఆగాడు.

"నవ్వకండ్రా. ఈ పిల్ల నయం, ఏడుత్తంది అంతే. నాను ఈ ఊరొచ్చిన కొత్తలో ఊరు తగలడిపోతందనుకుని, బకెట్ నీళ్ళట్టుకుని ప్లాంటు గేటు దాకా పరిగెత్తీసినాను. కాపలా కాసే దర్బాన్ ఆపి, లోపల కొలిమి మీద పోత్తావేటని అడిగినాడు."

ఇంకేముంది, పిల్లలంతా ఆయన మీద పడ్డారు. బకెట్ ఎంతదని ఒకడు, నీళ్ళు తొణికాయా అని ఇంకొకడు. నన్ను మరిచిపోయారు. ఆయన నన్ను సైకిల్ బారు మీద కూర్చోబెట్టుకుని గేటు దగ్గరికి తీసుకెళ్ళాడు. దారిలో, మిఠాయి కొట్టాయన చివర్న ఇంటికొచ్చేసినాడమ్మా అని చెప్పాడు. ఆ మాటకి సగం ఏడుపు ఆగింది. షిఫ్టు విడిచి సైకిళ్ళు బారులు బారులుగా వస్తుంటే ఆ గుంపులో నాన్న కనిపించాడు. మిగతా సగం అప్పుడాగింది. నాన్న టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు.

పెళ్ళై అదే ఊళ్ళో ఇంకో బస్తీకి వెళ్ళాక, తాతయ్య పోయాడని తెలిసి ఆయన భార్య మామ్మను చూడడానికి వచ్చాను. ఆయన గురించి మాట్లాడుతూ ఆ బకెట్ సంగతి ఎత్తాను. మామ్మ నా ముఖం వంక వింతగా చూసింది.

"ఏటి బకెట్టమ్మా? మీ తాత పుట్టిందే ఈ బర్మామైన్స్‌లో. ఉయ్యాల్లోంచీ ఆ ఎరుపు సూత్తానే ఉన్నాడు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తెలియని పిల్ల ఒక్కతే నవ్వులపాలు కాకూడదని, అన్నీ తెలిసిన పెద్దమనిషి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. దానికి ఆయనకి అయిన ఖర్చు ఒక అబద్ధం.

మొన్న మా పక్కింటికి పలాస నుంచి కొత్త కోడలు వచ్చింది. ప్లాంటు సైరన్ మోగగానే బెదిరిపోయి, తడి చేతులతోనే వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. చూసినవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. ఈ ఊరొచ్చిన కొత్తలో నేనైతే ఆ కూత విని, బియ్యం డబ్బా నెత్తినెట్టుకుని రైలు స్టేషన్ దాకా పరిగెత్తానని చెప్పాను. అందరికంటే ముందు ఆ పిల్లే ఫక్కున నవ్వింది.

మా మనవరాలు నా కొంగు లాగి, "సచ్చీ, నానీ?" అని హిందీలో అడిగింది.

నిజమేనన్నాను. తాతయ్య బకెట్ ఎంత నిజమో, నా బియ్యం డబ్బా అంత నిజం.