మా బాపు కర్ర

మా బాపు పర్శరాములు ఏ ఇంటికి వెళ్లినా ముందు కర్రతో పైకప్పును మూడుసార్లు కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. శ్రీరాంపూర్ బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు సర్దార్‌గా చేశాడు మరి! కార్మికులకంటే ముందు లోపలికి వెళ్లి, కప్పు గట్టిగా ఉందో డొల్లగా మోగుతోందో చెప్పడం ఆయన పని. ఆయన రిటైరై ఆరేళ్లయింది. కర్ర ఇంకా డ్యూటీలోనే ఉంది.

నా సంబంధం మాట్లాడటానికి పెద్దపల్లి వెళ్లినప్పుడు చాయ్ రాకముందే కుర్చీ ఎక్కి వాళ్ల స్లాబును కొట్టాడు. పెచ్చు ఊడి మిక్చర్ ప్లేట్లో పడింది.

"ఏందన్నా, పిల్లనిస్తందుకు వచ్చినవా, ఇల్లు కొంటందుకు వచ్చినవా?" అన్నాడు కాబోయే మా మామ రామచంద్రం.

"పిల్ల గీ కప్పు కిందనే గదా ఉండేది!"

సంబంధం ఎలా కుదిరిందో నాకిప్పటికీ అర్థం కాదు. స్లాబు మాత్రం పెళ్లికి ముందే బాగుపడింది.

మా చిన్నమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయాక, ఆమెకు సొంత అక్క అయిన మా అవ్వ, అదే మా అమ్మ గురించి నాకు ఒకటే భయం. పోయినేడాది బతిమాలి కరీంనగర్‌లో మామోగ్రామ్ తీయించాను. గడ్డలేమీ కనబడలేదని రిపోర్టు వచ్చింది. నేను ఎగిరి గంతేశాను! అవ్వ వెళ్లి ఆటోలో కూర్చుంది. బాపు మాత్రం డాక్టరు భవ్యశ్రీ ముందు నుంచి కదల్లేదు.

"ఫొటో గంత తెల్లగ ఎందుకున్నది మేడం?"

"రొమ్ము లోపల దట్టంగా ఉంటే అలాగే కనిపిస్తుంది. హార్మోన్లకు సంబంధించిన జన్యువుల్లో చిన్న తేడాలు కూడా అందుకు ఒక కారణం కావచ్చు. దట్టంగా ఉన్నవాళ్లకు క్యాన్సర్ ముప్పు కొంచెం ఎక్కువ. పైగా గడ్డ కూడా తెల్లగానే పడుతుంది."

"అంటె, గడ్డ లేదన్నట్టా, కనవడలేదన్నట్టా?"

డాక్టరు నవ్వింది. "కనబడలేదన్నట్టే. అందుకే అల్ట్రాసౌండ్ కూడా చేద్దాం. ఆ మిషన్ లోపలికి చప్పుడు పంపి, తిరిగొచ్చే మోతను బట్టి ఏముందో చెబుతుంది."

బాపు ముఖం వెలిగిపోయింది. కర్ర పట్టుకుని బయటికి ఉరికాడు.

"సరోజనా, ఆటో దిగు! గీ మిషన్ మన సర్దారే!"

ఆ సర్దార్ శనగగింజంత గడ్డను పట్టేసింది! మొదట్లోనే దొరకడంతో ఆపరేషన్ చేసి తీసేశారు. అవ్వ ఇప్పుడు రోజూ బాపును మళ్లీ తిడుతోంది. అంటే బాగున్నట్టే!

చిన్నమ్మకూ అవ్వకూ వచ్చింది కాబట్టి నన్నూ పరీక్షకు రమ్మన్నారు. స్కానింగ్ గది గుమ్మం దాకా వెళ్లి, భయంతో వెనక్కి తిరిగాను. బాపు నన్ను ఆపి, తను ముందు లోపలికి వెళ్లాడు. టక్, టక్, టక్! ఏదో ఊడిపడ్డ చప్పుడు, ఆ వెనకే నర్సు కేక.

"తాతా! గదేం పని!"

బాపు సీలింగ్ పలకను చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఊడేది ఊడింది. ఇగ పో బిడ్డా, ఫికర్ లేదు."

ఇన్నేళ్లూ ఆయన చాదస్తానికి నవ్వుకున్నాం. ఏ కప్పు కిందికైనా మాకంటే ముందు తనే వెళ్తున్నాడని అప్పుడు తెలిసింది. నా భయం ఎటు పోయిందో, నవ్వుతూ లోపలికి వెళ్లాను.

నాకేమీ లేదట! చెబుదామని పరుగున బయటికొస్తే, బాపు పలకను ఒళ్లో పెట్టుకుని, వరండా కప్పు వంక అనుమానంగా చూస్తున్నాడు.