పగిడయ్య తాత రెండో కుర్చీ

మా తాత పగిడయ్య మాట ఇవ్వనిదే ఖమ్మంలో ఏ మేయరూ కుర్చీ ఎక్కలేడు. ఆ మాట ఆయన ఎవరికీ ఇవ్వడు, అది వేరే సంగతి. భద్రాచలం బస్సు నడిపి రిటైరైన తాత, నాయనమ్మ పోయాక అక్కడే ఒంటి గది కిరాయికి తీసుకున్నాడు. పొద్దున్నే వాకిట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తాడు. ఒకదాంట్లో తను కూర్చుని, రెండోదాన్ని తువ్వాలుతో తుడుస్తూ ఉంటాడు. దాంట్లో కూర్చునేది ఓట్లడిగేవాళ్లే. వాళ్లకు చాయ్ పోసి, పిల్లల పేర్లడిగి, "చూద్దాం, మళ్ల రాండ్రి" అని పంపుతాడు. ఓటు ఖాయం చేస్తే ఇక రారని ఆయన భయం.

మొన్న నేను వెళ్లినప్పుడు, మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకోవాలన్న మాట వీధిలో నలుగుతోంది. పక్కింటి రవీందర్ సారు బైక్ దిగకుండానే, "దానికి వేరే ఎలక్షనంటే దండుగ ఖర్చు. కార్పొరేటర్లతోని ఒక్కనాడే పెట్టాలె" అన్నాడు.

"గట్లెట్ల? అందరు ఒక్కపారే వచ్చి పోతరు!" తాత కస్సుమన్నాడు.

నేను గుమ్మానికి ఆనుకుని నవ్వాను. "నీ కుర్చీ నింపనీకి సర్కారు కోట్లు పెట్టాల్నా తాతా?"

తాత తువ్వాలు దులిపాడు. "నువ్వు నెలకోపారి వచ్చి కూసోరా. గా కోట్లు మిగుల్తయ్."